48 బుడిపెల్లో సింధు స్మాష్: బొమ్మ ఇటుకలతో స్పోర్ట్స్ మొజాయిక్ డిజైన్ చేయడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో బొమ్మ ఇటుకలతో, అంటే లెగో లాంటి బ్రిక్స్‌తో, గోడకి తగిలించుకునే స్పోర్ట్స్ మొజాయిక్ ఎలా డిజైన్ చేయాలి, ఎలా కట్టాలి అనేది మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఉదాహరణకి పి.వి. సింధు జంప్ స్మాష్ తీసుకుంటున్నాను. మీరు కట్టేది ధోనీ కావచ్చు, మెస్సీ కావచ్చు, నిఖత్ జరీన్ కావచ్చు. పద్ధతి ఒకటే.

ముందే ఒక ప్రశ్నకి సమాధానం చెప్పేస్తాను. ఫొటో ఇస్తే మొజాయిక్ మ్యాప్ తీసిచ్చే సాఫ్ట్‌వేర్లు బోలెడు ఉన్నాయి. బ్రిక్‌లింక్ వాళ్ళ స్టూడియో ప్రోగ్రామ్‌లో కూడా ఆ టూల్ ఉంది. మరి మనం చేయడానికి ఏం మిగిలింది? చాలా మిగిలింది. సాఫ్ట్‌వేర్ చేసే పని ఒక్కటే, ప్రతి గడికీ తన దగ్గరున్న రంగుల్లో దగ్గరి రంగు వెతకడం. దగ్గరి రంగు వేరు, సరైన రంగు వేరు. ఆ తేడా ఎక్కడ బయటపడుతుందో ఇవాళ చూపిస్తాను.

సరే, లెక్కతో మొదలుపెడదాం.

ఇటుక మీద పైకి ఉండే గుండ్రటి ముక్క ఉంది కదా, ఇంగ్లిష్‌లో స్టడ్ అంటారు, నేను బుడిపె అంటాను. లెగోలో ఒక బుడిపె మధ్య నుంచి పక్క బుడిపె మధ్యకి 8 మిల్లీమీటర్లు. మొజాయిక్‌కి బాగా వాడే సైజు 48 అడ్డం, 48 నిలువు. లెగో కంపెనీ 2020లో తెచ్చిన లెగో ఆర్ట్ సెట్లు, మార్లిన్ మన్రో, బీటిల్స్ లాంటివి, ఇదే సైజు. 16 బై 16 పలకలు తొమ్మిది కలిపి ఒక చదరం అన్నమాట. మొత్తం 2,304 బుడిపెలు. గోడ మీద చూస్తే ఒక్కో వైపు 38.4 సెంటీమీటర్లు.

2,304 అంటే ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఫోన్ కెమెరాతో తీసిన మామూలు ఫొటోలో కోటికి పైగా చుక్కలు ఉంటాయి. అంటే కోటి చుక్కల్లోంచి రెండువేల చిల్లర మాత్రమే ఉంచుకుని మిగతావన్నీ వదిలేస్తున్నాం. కాబట్టి మొజాయిక్ డిజైన్‌లో మొదటి ప్రశ్న "ఏం పెట్టాలి" కాదండీ. "ఏది పోతే ఇది సింధు కాకుండా పోతుంది?" అదీ ప్రశ్న.

చుక్కల ముగ్గు వేసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పదిహేను చుక్కల్లో నెమలి వేయాలంటే ఈకలన్నీ వేయలేం. మెడ వంపు, పింఛం పడితే చాలు, నెమలి వచ్చేస్తుంది. ఇక్కడా అంతే.

ఇప్పుడు సింధు దగ్గరికి వద్దాం. ఆమె ఎత్తు దాదాపు 1.79 మీటర్లు. గాల్లోకి ఎగిరి, చెయ్యి పైకి చాచి, రాకెట్‌తో కొట్టే క్షణంలో పాదం నుంచి రాకెట్ కొస దాకా చూస్తే రెండున్నర మీటర్లు దాటుతుంది. అది 48 బుడిపెల్లో పట్టాలి, పైనా కిందా కాస్త ఖాళీ కూడా ఉండాలి. ఒక బుడిపెకి 6 సెంటీమీటర్లు అనుకుందాం. 48 ఆరుల 288. సరిపోయింది.

ఇదే స్కేలుతో మిగతావి కొలవండి. తల ఎత్తు సుమారు 22 సెంటీమీటర్లు, అంటే నాలుగు బుడిపెలు కూడా రావు. మొత్తం ముఖానికి పట్టుమని పన్నెండు గళ్ళు. కళ్ళు, ముక్కు, నోరు ఏవీ రావు. రాకెట్ తల వెడల్పు నిబంధనల ప్రకారం 23 సెంటీమీటర్లు దాటకూడదు, అంటే నాలుగు బుడిపెలు. షటిల్ ఈకల అంచు దగ్గర వెడల్పు ఆరు, ఆరున్నర సెంటీమీటర్లు ఉంటుంది, అంటే సరిగ్గా ఒక్క తెల్ల బుడిపె. రాకెట్ కాడ మందం సెంటీమీటర్ కూడా ఉండదు, బుడిపెలో ఆరో వంతు కూడా కాదు. లెక్క ప్రకారం అది కనపడనే కనపడదు.

చూశారా, ఒక్క చిన్న లెక్కతో సగం డిజైన్ తేలిపోయింది. ముఖం కావాలా, భంగిమ కావాలా? రెండూ ఈ సైజులో రావు. ముఖమే కావాలంటే తల ఒక్కటే నలభై బుడిపెల ఎత్తులో పెట్టుకోవాలి. అది పోర్ట్రెయిట్ అవుతుంది. అదీ మంచిదే, కానీ అప్పుడు ఆట పోతుంది. బొమ్మలో మనిషి ఉంటుంది, బ్యాడ్మింటన్ ఉండదు.

నేను భంగిమ ఎంచుకున్నాను. ఎందుకో చెప్తాను. 1973లో స్వీడన్‌కి చెందిన గున్నార్ యోహాన్సన్ అనే సైకాలజిస్ట్ ఒక ప్రయోగం ప్రచురించారు. మనిషి కీళ్ళ దగ్గర మాత్రమే చిన్న చిన్న లైట్లు పెట్టి చీకట్లో నడిపించారు. చూసేవాళ్ళకి పది పన్నెండు వెలుగు చుక్కలు తప్ప ఏమీ కనపడదు. అయినా కదలగానే "అరే, మనిషి నడుస్తున్నాడు" అని టక్కున గుర్తుపట్టేశారు. అదే చుక్కలు కదలకుండా ఉంటే మాత్రం ఏదో చుక్కల గుంపులాగే కనపడ్డాయి.

మనకి ఇందులోంచి వచ్చే పాఠం ఏంటంటే, మొజాయిక్ కదలదు. కాబట్టి ఎంచుకునే ఫ్రేమ్‌లోనే కదలిక ఉండాలి. షటిల్ కొట్టేశాక కాళ్ళు నేల మీదకి వచ్చిన ఫొటో పనికిరాదు. కొట్టడానికి ఒక్క క్షణం ముందు, శరీరం విల్లులాగా వంగి, కుడి చెయ్యి వెనక్కి వెళ్ళి, ఎడమ చెయ్యి షటిల్ వైపు చూపిస్తూ ఉంటుంది చూడండి, అది కావాలి. రాకెట్ కొస నుంచి వెనక కాలి మడమ దాకా ఒక పొడవాటి వంపు వస్తుంది. ఆ వంపు పడితే ముఖం లేకపోయినా బొమ్మ నిలబడుతుంది.

క్రికెట్‌కైనా ఇదే సూత్రం. బ్యాట్ గాల్లో చివరి దాకా తిరిగిన క్షణం, ఫాస్ట్ బౌలర్ బంతి వదలబోయే క్షణం, ఇలాంటివి చూసుకోండి. జెర్సీ నంబర్ కూడా బాగా పనికొస్తుంది. ఒక అంకె స్పష్టంగా రావడానికి మూడు బుడిపెల వెడల్పు, అయిదు బుడిపెల ఎత్తు చాలు. ధోనీ 7 అయితే ఇంకా తేలిక.

ఇక రాకెట్ కాడ సంగతి. లెక్క ప్రకారం కనపడదు అనుకున్నాం కదా, అయినా నేను పెడతాను. ఒక బుడిపె మందంతో, అంటే అసలు కంటే ఆరు రెట్లకి పైగా లావుగా. కాడ లేకపోతే రాకెట్ తల గాల్లో తేలుతున్న పళ్ళెంలా ఉంటుంది. రాకెట్ లోపలి వల మాత్రం వదిలేస్తాను, అంచు మాత్రం చాలు. కొలత ప్రకారం అబద్ధం, చూపు ప్రకారం నిజం. ఇది ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను చేయదు. మనమే చేత్తో గీయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. రంగు.

కంప్యూటర్‌కి రంగు అంటే మూడు అంకెలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఫొటోలో ఒక గడి రంగు తీసుకుని, మన దగ్గరున్న ఇటుకల రంగుల్లో దేనికి దూరం తక్కువో చూసి అది పెట్టేస్తుంది. ఆ మూడు అంకెల మధ్య దూరం, మన కంటికి కనిపించే దూరం ఒకటి కావు. అందుకే 1976లో సీఐఈ ల్యాబ్ అనే పద్ధతి వచ్చింది. అందులో వెలుగు ఒక అంకె, రంగు ఛాయ రెండు అంకెలు. టూల్‌లో ఆ ఆప్షన్ ఉంటే అదే పెట్టుకోండి, కచ్చితంగా మెరుగ్గా వస్తుంది. కానీ అదొక్కటే చాలదు.

స్టేడియం లైట్ల కింద తీసిన ఫొటో సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే వచ్చిన మొదటి డ్రాఫ్ట్ ఎలా ఉందో చెప్తాను. లైటు పడిన భుజం, నుదురు లేత ఇసుక రంగులోకి వెళ్ళిపోయాయి. నీడలో ఉన్న చెయ్యి, తొడ ముదురు బూడిద రంగులోకి వెళ్ళిపోయాయి. అంటే సగం శరీరం తెల్లగా, సగం సిమెంటు విగ్రహంలా. మన అమ్మాయి చామనఛాయ ఎక్కడా లేదు! సాఫ్ట్‌వేర్ దృష్టిలో తప్పేం లేదు. ప్రతి గడికీ దగ్గరి రంగే ఇచ్చింది. నీడలో ఉన్న గోధుమ రంగుకి అంకెల్లో బూడిద రంగు దగ్గరే మరి.

ఈ రంగు గొడవకి ఒక చరిత్ర ఉంది. 1978లో వచ్చిన లెగో చిన్న మనుషుల బొమ్మలన్నీ పసుపు ముఖాలతో ఉండేవి. ఏ జాతికీ చెందకుండా, అందరికీ సరిపోయేలా ఉండాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఊహా మనుషులకి అది సరిపోయింది. కానీ 2003లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాళ్ళ బొమ్మలు చేయాల్సి వచ్చింది. నిజమైన మనుషులు, పేరూ ముఖమూ ఉన్నవాళ్ళు. వాళ్ళని పసుపు రంగులో ఎలా చేస్తారు? అప్పుడే నిజమైన చర్మపు రంగులు ఆ బొమ్మల్లోకి వచ్చాయి. అంటే ఆ మార్పులో ఆటగాళ్ళకి పెద్ద భాగమే ఉంది.

మొజాయిక్‌లో కూడా అదే సమస్య. సొంత ఫొటోతో చేసుకోమని లెగో ఒక సెట్ ఇచ్చింది. అందులో అయిదు రంగులు: పసుపు, తెలుపు, లేత బూడిద, ముదురు బూడిద, నలుపు. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలా చూస్తే అందంగానే ఉంటుంది. కానీ రంగుల బొమ్మ కట్టాలనుకున్నప్పుడు ఆ అయిదూ మనకి చాలవు.

మరి ఏం చేయాలి? బొమ్మని రెండు పొరలుగా విడగొట్టండి. చర్మం ఉన్న గళ్ళన్నీ ఒక పొర, మిగతాది ఇంకో పొర. చర్మం పొరకి మూడు రంగులే అనుమతించండి. నేను వాడింది మీడియం నౌగాట్, రెడిష్ బ్రౌన్, డార్క్ బ్రౌన్. లైటు పడిన చోట మొదటిది, మామూలు చోట రెండోది, నీడకి మూడోది. బూడిద రంగుకి ఆ పొరలో ప్రవేశం లేదు. ఇసుక రంగుకి కూడా లేదు. ఇంత చిన్న మార్పుతో బొమ్మకి ఒక్కసారిగా ప్రాణం వచ్చేస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది. బ్యాడ్మింటన్ ఫొటోల్లో వెనకాల ప్రేక్షకులు చీకట్లో ఉంటారు, దాదాపు నల్లగా. గోధుమ రంగు చెయ్యి ఆ నలుపులో కలిసిపోతుంది. దీన్ని ముందే పట్టుకోవాలంటే మ్యాప్‌ని గ్రేస్కేల్‌లోకి మార్చి చూడండి. చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియకపోతే వెలుగు తేడా చాలలేదని అర్థం.

చాలామంది అప్పుడు చేసే పని ఏంటంటే చెయ్యిని తెల్లబరచడం. ఒక మెట్టు లేత రంగు వేసేస్తారు. మనకి ఇది అలవాటైన పనే కదండీ. పెళ్ళి ఆల్బమ్ వస్తే అడక్కుండానే పెళ్ళికూతురి ముఖం రెండు షేడ్లు తెల్లగా మారిపోయి ఉంటుంది. "బాగొచ్చింది" అని అందరూ మెచ్చుకుంటారు. ఎవరూ ఫొటో తప్పు అనరు.

నేను చెప్పేది ఒకటే. చర్మం మార్చకండి, వెనకాల గోడ మార్చండి. వెనకాల రంగు మన ఇష్టం. అది నల్లగా ఉండాలని రూలేం లేదు. నేను లేత నీలం పెట్టాను. చెయ్యి, కాళ్ళు, వంపు అన్నీ కడిగినట్టు కనపడ్డాయి. తెల్ల షటిల్ మాత్రం లేత నీలంలో కొంచెం మసకబారుతుంది. అందుకని దాని చుట్టూ నాలుగైదు గళ్ళు ముదురు నీలం వేస్తే, ఆ ఒక్క తెల్ల చుక్క దీపంలా వెలిగింది. 2019లో బాసెల్‌లో ఒకుహారాని 21-7, 21-7తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయిన మనిషి ఆమె. ఆమెని ఆమె రంగులో చూపించడానికి మన దగ్గర ఇటుకలు ఉన్నాయి. వాడుకోవాలి, అంతే.

ఇంకో టెక్నికల్ సంగతి, డిథరింగ్. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ చాలా టూల్స్‌లో ఉంటుంది. కిరాణా కొట్టు చిల్లర లెక్క లాంటిది. షాపాయన దగ్గర రెండు రూపాయలు చిల్లర లేదు, "రేపు చూసుకుందాం లెండి" అంటాడు కదా. అలాగే ఒక గడిలో అసలు రంగుకీ పెట్టిన రంగుకీ ఉన్న తేడాని పారేయకుండా పక్క గళ్ళకి పంచుతారు. కుడి గడికి 16లో 7 వంతులు, కింద గడికి 5, కింద ఎడమకి 3, కింద కుడికి 1. మొత్తం 16. లెక్క తేలిపోయింది.

పెద్ద ఆకాశమో, సాయంత్రం స్టేడియమో అయితే ఇది అద్భుతంగా పనిచేస్తుంది. నాలుగు రంగులతో పది రంగులున్నట్టు భ్రమ వస్తుంది. కానీ మన సింధు చెయ్యి మందం బుడిపెన్నర, రెండు బుడిపెలు. అంత చిన్న చోట డిథరింగ్ పెడితే చెయ్యి మీద పొక్కులు వచ్చినట్టు ఉంటుంది. కాబట్టి వెనకాల పొరకి కావాలంటే ఆన్ చేయండి, మనిషికి మాత్రం ఆఫ్.

డిజైన్ అయిపోయింది అనుకున్నాక పరీక్ష ఎలా? స్క్రీన్ మీద బొమ్మని బొటనవేలి గోరంత చేసి చూడండి. లేదా కళ్ళు సగం మూసి చూడండి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన లియోన్ హార్మన్ 1973లో అబ్రహాం లింకన్ ముఖాన్ని కొద్దిపాటి గళ్ళలోకి కుదించి చూపించారు. దగ్గర నుంచి అది గళ్ళ గుడ్డ. దూరం నుంచి లింకన్. గళ్ళ అంచులు పదునుగా ఉండడం వల్ల దగ్గర్లో కన్ను వాటి మీదే ఆగిపోతుంది. దూరం వెళ్తే అంచులు కరిగిపోయి ముఖం పైకి వస్తుంది. సాల్వడార్ డాలీ ఆ బొమ్మ చూసే 1976లో ఒక పెద్ద పెయింటింగ్ వేశాడు. మన మొజాయిక్ కూడా మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి చూసే వస్తువు. ఇరుకు వసారాలో తగిలిస్తే ఎంత బాగా కట్టినా గళ్ళే కనపడతాయి. హాల్లో సోఫాకి ఎదురుగా ఉండే గోడ చూసుకోండి.

ఇక కొనడం. రంగులు ఖాయం చేసే ముందు ఆ రంగులో ఆ ముక్క దొరుకుతుందా, ఎంతకి దొరుకుతుందా అని చూడండి. ఒక్కో 1 బై 1 ముక్క 5 రూపాయలు అనుకుందాం, 2,304 ముక్కలకి 11,520 రూపాయలు అవుతుంది. అందుకని ఇక్కడ ఒక చిట్కా. వెనకాల ఒకే రంగు ఉన్న చోట 1 బై 1 ముక్కలు అక్కర్లేదు. 2 బై 4 ప్లేట్ ఒక్కటి పెడితే ఎనిమిది బుడిపెలు కవర్ అవుతాయి. వెనకాల 1,400 బుడిపెలు ఒకే రంగు అయితే, ఎనిమిదేసి చొప్పున 175 ప్లేట్లు. అంచుల దగ్గర చిన్నవి కలిపినా రెండొందల యాభైలోపే అయిపోతుంది. డబ్బూ ఆదా, వేళ్ళూ ఆదా. లేత నీలం గోడ వల్ల వచ్చిన ఇంకో లాభం ఇదే. గుంపులో ముఖాలన్నీ కట్టాలంటే ఈ ఆదా ఉండదు.

గుండ్రటి ముక్కలా, చదరపు ముక్కలా? గుండ్రటివి వాడితే మధ్యలో ఖాళీల్లోంచి అడుగు పలక కనపడుతుంది. అడుగు పలక నలుపైతే బొమ్మ మొత్తం ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. చదరపువి వాడితే రంగు నిండుగా ఉంటుంది. చర్మపు రంగులు ఇంత జాగ్రత్తగా ఎంచుకున్నాం కాబట్టి నేను చదరపువే తీసుకున్నాను.

కట్టేటప్పుడు మ్యాప్‌ని తొమ్మిది ముక్కలుగా ప్రింట్ తీసుకోండి. ఒక్కో పలకలో 256 బుడిపెలు. రంగుకో నంబర్, నంబర్‌కో గిన్నె. వంటింట్లో పోపుల డబ్బా దీనికి భలే పనికొస్తుంది, ఇంట్లోవాళ్ళని అడిగి తీసుకోండి మరి. పలక పూర్తవగానే ఫొటో తీసి మ్యాప్ పక్కన పెట్టి సరిచూసుకోండి. సాఫ్ట్‌వేర్‌లో చిన్న చిన్న మాడ్యూల్స్‌గా టెస్ట్ చేస్తాం కదా, అదే. తొమ్మిదీ కలిపేశాక మధ్యలో ఒక్క ముక్క తప్పు అని తెలిస్తే పీకడం నరకం. ఒక్కో ముక్కకి నాలుగు సెకన్లు వేసుకున్నా 2,304 ముక్కలకి రెండున్నర గంటలు. వెతుక్కోవడం, సరిచూసుకోవడం కలిపితే ఒక వారాంతం పెట్టుకోండి. పిల్లలుంటే తలో పలక ఇచ్చేయండి. వాళ్ళకి తమ పలకలో ఏముందో అర్థం కాదు. పక్క పలకతో కలిపినప్పుడు "ఓ, ఇది చెయ్యి!" అంటారు. ఆ మాట కోసమైనా ఇవ్వాలి.

వెనకాల సన్నటి ప్లైవుడ్ షీట్ పెట్టి బిగించండి. లేకపోతే తగిలించాక మధ్యలో వంగుతుంది. నేరుగా ఎండ పడే గోడ వద్దు. ఈ ఇటుకలు ఏబీఎస్ ప్లాస్టిక్, ఎండకి తెల్లవి పసుపెక్కుతాయి. మన షటిల్ తెల్లగా ఉండాలిగా. దుమ్ముకి మెత్తటి పెయింట్ బ్రష్ చాలు.

ఇంకొక్క మాట. ఫొటో తీసిన వాళ్ళకి దాని మీద హక్కు ఉంటుంది. ఇంట్లో గోడకి కట్టుకోవడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. అమ్మే ఆలోచన ఉంటే ఆ ఫొటో తీసినవాళ్ళనీ, అందులో ఉన్న ఆటగాళ్ళనీ అడగాల్సిందే.

మొత్తం కలిపి మూడు ముక్కల్లో చెప్పుకుంటే: స్కేలు లెక్క ముందు వేయండి, అది ముఖమా భంగిమా అనేది తేల్చేస్తుంది. కదలిక ఉన్న ఫ్రేమ్ వెతకండి. ఇక రంగుల దగ్గర, కనపడట్లేదు అనిపిస్తే మనిషిని మార్చకండి, వెనకాల ఉన్నది మార్చండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే మ్యాప్‌ని తుది తీర్పులా కాకుండా చిత్తుప్రతిలా చూడండి. పెన్సిల్ మన చేతిలోనే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే సింధు మ్యాప్‌ని 48 నుంచి 96కి పెంచితే ఏం మారుతుంది, ముఖం ఏ సైజు దగ్గర కనపడటం మొదలవుతుంది అనేది చూద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.